రోడ్డు మీద ఫోన్ తెరిచి చూపమంటే, 2017 నాటి గోప్యత తీర్పు ఏ మేరకు అక్కరకొస్తుంది?

అంబర్‌పేట వాసి:

పదిహేను రోజుల క్రితం రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో, ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్న మా అబ్బాయి కోఠి నుంచి బండి మీద ఇంటికి వస్తుంటే దారిలో వాహనాల తనిఖీ జరుగుతోంది. లైసెన్సు, ఆర్‌సీ, హెల్మెట్ అన్నీ సక్రమంగానే ఉన్నాయి. అయినా ఒక కానిస్టేబులు ఫోన్ లాక్ తీసి ఇమ్మని, వాట్సాప్ తెరిచి, గంజాయికి కుర్రకారు వాడే మారుపేర్లు ఒక్కొక్కటే కొట్టి వెతికారట. ‘మాల్’ అని కొడితే వాళ్ల అక్క పంపిన ‘ఆదివారం మాల్‌కి వెళ్దాం’ అన్న సందేశం బయటపడిందట. దాని అర్థమేమిటో కూడా చెప్పించుకుని, ఫోన్ తిరిగి ఇచ్చి పొమ్మన్నారు.

వాడు నవ్వుతూనే చెప్పాడు గాని నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తీర్పిచ్చిన వార్తను 2017లో నేను పేపర్లోంచి కత్తిరించి దాచుకున్నాను. ఆ తీర్పు ఉండగా ఇలా అడగవచ్చునా? మా వాడు తన చేత్తోనే ఫోన్ ఇచ్చాడు కనుక ఇక అడిగే హక్కు లేదని మా బావగారి వాదన. ఎవరి మీదా ఫిర్యాదు చేసే ఉద్దేశం నాకు లేదు, విషయం తెలుసుకోవాలనే అడుగుతున్నాను.

నయాపూల్ వకీలు:

అయ్యా, తీర్పులో హక్కు పేరు వెతకడం కన్నా, పోలీసు చేసిన పని వెనుక ఏ చట్టం ఉందని వెతకడం మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది. ఈ తగాదా 2017లో పుట్టింది కాదు. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే వ్యక్తిని బందిపోటు కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక విడిచిపెట్టారు. విడిచిపెట్టినా అతని పేర హిస్టరీ షీటు తెరిచి, రాత్రివేళ వచ్చి తలుపు బాది, కేకలేసి నిద్రలేపి, ఇంట్లో ఉన్నాడో లేడో చూసుకుని పోయేవారు. 1962లో సుప్రీంకోర్టులో ఆరుగురు న్యాయమూర్తుల ముందు ప్రభుత్వం చూపిన ఆధారమల్లా అక్కడి పోలీసు రెగ్యులేషన్లలోని 236వ నిబంధన. అది శాసనసభ చేసిన చట్టం కాదు, శాఖ తన సిబ్బందికి ఇచ్చుకున్న సూచనలు. చట్టబలం లేని సూచనలను పట్టుకుని ఒకరి ఇంట్లోకి చొరబడటం, ప్రాణానికీ వ్యక్తిగత స్వేచ్ఛకూ రక్షణ ఇచ్చే 21వ అధికరణానికి విరుద్ధమని కోర్టు ఆ రాత్రి సోదాలను కొట్టివేసింది.

కొట్టివేసింది అంతవరకే. గోప్యత మన రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదంటూ, అతని కదలికల మీద నిఘాను మెజారిటీ అలాగే ఉండనిచ్చింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి ఢిల్లీ వెళ్లిన జస్టిస్ కోకా సుబ్బారావు, జస్టిస్ షాతో కలిసి అందుకు ఒప్పుకోలేదు. నీడలా పోలీసు వెంటబడుతున్నప్పుడు మనిషి తిరిగినా అది స్వేచ్ఛగా తిరగడం కాదని, అలాంటివాడికి దేశమంతా జైలేనని రాసి, ఆ నిబంధన మొత్తాన్ని చెల్లదన్నారు. ఆ ఇద్దరి మాటే 55 ఏళ్ల తర్వాత, 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది మాటగా నిలిచింది. మీరు దాచుకున్న కాగితం అదే.

అయితే ఆ తీర్పు గోప్యతను ముట్టరాని హక్కుగా చేయలేదు. ప్రభుత్వం అందులో వేలు పెట్టాలంటే మొదట ఒక చట్టం ఉండాలి, దానికి న్యాయమైన ప్రయోజనం ఉండాలి, ఎంచుకున్న పద్ధతి ఆ ప్రయోజనానికి తగిన పాళ్లలోనే ఉండాలి. మీ అబ్బాయి విషయంలో గంజాయి అరికట్టడం న్యాయమైన ప్రయోజనమే, దానిని ఎవరూ కాదనరు. నా సందేహమంతా మొదటి మెట్టు దగ్గరే.

చట్టం ఉన్నంత మాత్రాన సరిపోదనడానికి మన హైదరాబాదు కేసే ఉంది, పేపర్లు దీనిని పెద్దగా పట్టించుకోలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 1986లో స్టాంపుల చట్టం 73వ సెక్షన్‌ను సవరించి, కలెక్టరు అధికారమిచ్చిన ఏ వ్యక్తి అయినా ఏ ఆవరణలోకైనా వెళ్లి పత్రాలు తనిఖీ చేయవచ్చని, అవసరమైతే స్వాధీనం చేసుకోవచ్చని రాశారు. బ్యాంకుల దగ్గర ఖాతాదారులు పెట్టిన దస్తావేజులకూ అది వర్తించింది. కారణాలు రాసిపెట్టాలన్న షరతు లేదు, అధికారం ఎవరికి ఇవ్వాలన్న హద్దూ లేదు. మన హైకోర్టు ఆ సవరణను కొట్టివేస్తే, హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారు, కలెక్టరు సుప్రీంకోర్టుకు వెళ్లి, కెనరా బ్యాంకు మీద 2004లో ఓడిపోయారు. గోప్యత మనిషిది గాని స్థలానిది కాదని, కాగితం బ్యాంకు బీరువాలో ఉన్నంత మాత్రాన దాని యజమాని హక్కు పోదని ఆ తీర్పు చెప్పింది. బీరువాలోని దస్తావేజుకే ఇంత రక్షణ ఉంటే, జేబులోని ఫోన్‌కు లేదని ఎలా అనగలం?

మీ బావగారి వాదన సంగతి. నడిరోడ్డు మీద, రాత్రిపూట, బండి తాళం ఎదుటివారి చేతిలో ఉండగా ఇచ్చినదాన్ని సమ్మతి అనడానికి నాకు మనసొప్పదు. కాదనవచ్చునని తెలిసి, కాదనగలిగి ఉండి ఇచ్చినప్పుడే అది సమ్మతి.

విశ్రాంత ఎస్సై:

వకీలు గారు చెప్పింది బాగుంది గాని, పోలీసుకు చట్టమే లేదన్నట్టు చదువరులకు అనిపించే ప్రమాదం ఉంది. మాదకద్రవ్యాల చట్టం 43వ సెక్షన్ ప్రకారం, అధికారం ఉన్న అధికారి బహిరంగ ప్రదేశంలో ఒక వ్యక్తిని ఆపి సోదా చేయవచ్చు. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్‌లో డిజిటల్ సాక్ష్యం ఉండే పరికరాలను తెప్పించుకునే అధికారం స్పష్టంగానే రాసి ఉంది. నేను సర్వీసులో ఉండగా చేతిలో పొట్లం దొరకని కేసుల్లో ఫోనే అసలు సరఫరాదారు దాకా దారి చూపిన సందర్భాలు ఉన్నాయి.

ఇది చెప్పాక ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. 43వ సెక్షన్‌కు ప్రాణం ‘నమ్మడానికి కారణం’ అన్న మాటలో ఉంది, ఆ కారణం ఆ మనిషికి సంబంధించినదై ఉండాలి. రోడ్డు మీద వచ్చే ప్రతి కుర్రవాణ్ణీ ఆపడం దాని కిందికి రాదు. 94వ సెక్షన్‌కు స్టేషన్ అధికారి లిఖితపూర్వక ఉత్తర్వు కావాలి. అదే సంహిత 185వ సెక్షన్ కింద సోదా చేయాలన్నా, దర్యాప్తులో ఒక కేసు ఉండాలి, కారణాలు ముందే రాసిపెట్టాలి. నాకాబందీలో నిలబడిన కానిస్టేబులు దగ్గర ఈ రెండూ ఉండవు. పై నుంచి ‘ఎన్ని ఫోన్లు చూశారు’ అని అడుగుతారు గనుక పాపం అతను చూస్తాడు. ఆ అడగడం ఆగితే ఇది ఆగుతుంది.

ఉస్మానియా లా విద్యార్థిని:

అందరికీ నమస్కారం. రెండు విషయాలు కలపాలనిపించింది.

మొదటిది, సుబ్బారావు గారిని ఒకే తీర్పుతో తూచవద్దని మనవి. ప్రాథమిక హక్కులను పార్లమెంటు సవరించడానికే వీల్లేదని 1967లో గోలక్‌నాథ్ కేసులో ఆరుగురి మెజారిటీకి నాయకత్వం వహించింది ఆయనే, అక్కడ వివాదంలో ఉన్నది భూస్వాముల ఆస్తి. 1973లో కేశవానంద భారతి కేసులో 13 మంది కూర్చుని ఆ తీర్పును పక్కన పెట్టి, సవరించవచ్చు గాని మౌలిక స్వరూపాన్ని చెరపరాదని 7-6 తేడాతో తేల్చారు.

రెండోది ఇంకా చేదు విషయం. సోదా అక్రమమైనా అందులో దొరికిన సాక్ష్యం చెల్లుతుందని పూరన్‌మల్ కేసులో సుప్రీంకోర్టు ఎన్నడో చెప్పింది. అంటే ఆ రాత్రి ఫోన్‌లో ఏదైనా దొరికి ఉంటే, ‘నా హక్కు భంగమైంది’ అన్న ఒక్క మాటతో అది కోర్టు బయట ఆగేది కాదు. వేలిముద్రకూ పాస్‌వర్డ్‌కూ కూడా తేడా ఉంది. వేలిముద్ర ఇవ్వడం తన మీద తాను సాక్ష్యం చెప్పుకోవడం కిందికి రాదని 1961లో కాఠీ కాలూ కేసులో 11 మంది అన్నారు. మనసులో ఉన్నదాన్ని బలవంతంగా బయటికి లాగరాదని 2010లో నార్కో పరీక్షల కేసులో అన్నారు. పాస్‌వర్డ్ ఉండేది మనసులోనే కదా అని మా క్లాసులో పెద్ద గొడవే జరిగింది.

నయాపూల్ వకీలు:

అమ్మా, గోలక్‌నాథ్ గురించి నువ్వన్నది ఒప్పుకుంటాను. పూరన్‌మల్ మాత్రం ఎప్పటికీ అలాగే నిలుస్తుందని అనుకోకు. గోప్యత మన రాజ్యాంగంలో కనబడదన్న 1954 నాటి ఎం.పి. శర్మ తీర్పు మీద అది ఆనుకుని ఉంది, ఆ పునాదిని 2017లో తీసేశారు. 2019లో బొంబాయి హైకోర్టు, అక్రమంగా విన్న ఫోన్ సంభాషణల రికార్డులను ధ్వంసం చేయమని పుట్టస్వామి ఆధారంగానే ఆదేశించింది.

అంబర్‌పేట వారికి ఒక సలహా. సమాచార హక్కు చట్టం కింద అడిగితే ‘మా అబ్బాయి ఫోన్ ఎందుకు చూశారు’ అని రాయకండి, కారణాలు చెప్పే బాధ్యత తమది కాదని ఒక్క ముక్కలో జవాబిచ్చేస్తారు. వాహనాల తనిఖీలో ఫోన్లు పరిశీలించమని ఇచ్చిన ఉత్తర్వు లేదా సర్క్యులర్ నకలు, అందులో పేర్కొన్న సెక్షన్‌తో సహా ఇవ్వమని అడగండి. నకలు వస్తే చట్టం ఏదో తెలుస్తుంది. అలాంటిది తమ దగ్గర లేదని రాసిస్తే, ఖరక్ సింగ్ కేసులోని నిబంధన పాటి ఆధారం కూడా లేదన్నమాట.

అంబర్‌పేట వాసి:

ఎస్సై గారికి, వకీలు గారికి, ఆ అమ్మాయికి కృతజ్ఞతలు. నిన్న దరఖాస్తు రాసి, పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి, పోస్టులో పంపాను. ముప్పై రోజుల గడువు ఉంది. మొదటి చిత్తులో ‘ఎందుకు’ అన్న మాట నాలుగు చోట్ల వచ్చింది, మా వాడే కూర్చుని నాలుగూ కొట్టేశాడు. జవాబు రాగానే ఇక్కడ పెడతాను.