మిక్సీ బిల్లులో పన్ను ఎంత? పిల్లలకు శాతాలు చెప్పడం గురించి ఒక సందేహం

ప్రశ్న (పర్లాకిమిడి, ఇంటి వద్ద సాయంత్రం లెక్కలు చెప్పే గృహిణి)

అందరికీ నమస్కారం. మా వీధిలోని పన్నెండు మంది పిల్లలకు రోజూ సాయంత్రం లెక్కలు చెబుతున్నాను. వీరంతా ఆరు నుండి ఎనిమిదో తరగతి వరకు బడిలో ఒడియా మాధ్యమంలో చదువుతూ, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు. 500లో 20 శాతం ఎంత అని అడిగితే తడుముకోకుండా 100 అంటారు. పోయిన వారం మాత్రం ఒక మిక్సీ బిల్లు చూపించి, పన్నుతో కలిపి 2,360 రూపాయలు చెల్లించాము, పన్ను 18 శాతం, అందులో పన్ను ఎంత అని అడిగితే పన్నెండు మందీ 2,360ని 18తో గుణించి, నూటితో భాగించి 424 రూపాయల 80 పైసలు అన్నారు. బిల్లులో 360 అని ఉన్నది చూసి, దుకాణదారు తప్పు వేశాడని కూడా అన్నారు.

ముదరా లెక్కల్లోనూ ఇదే ఇబ్బంది. "50 శాతం తగ్గింపు, దానిపై మరో 20 శాతం" అన్న ప్రకటనను చూసి 70 శాతం తగ్గిందని సంతోషిస్తారు. ఇంట్లో పెద్దలు "నూటికి రెండు" వడ్డీ అంటే, బ్యాంకు వారి 12 శాతం కన్నా అది చాలా తక్కువని నమ్ముతారు. సూత్రం చెప్పి కంఠస్థం చేయిస్తే పరీక్ష గడుస్తుంది కాని, రేపు వీరు సంతలో నిలబడి లెక్క చూసుకోగలగాలన్నది నా కోరిక. ఎక్కడ నుండి మొదలు పెట్టమంటారు?

సమాధానం (బరంపురం, విశ్రాంత గణితోపాధ్యాయుడు)

అమ్మా, మీ పిల్లలకు గుణకారం వచ్చు, భాగహారం వచ్చు. రానిది ఒక్కటే: శాతం అన్న మాట వినగానే "దేనిలో నూరు?" అని అడగడం. పాఠ్యపుస్తకం లెక్కల్లో ఆ నూరు ఎప్పుడూ ఎదురుగానే ఉంటుంది కనుక వారు దానిని వెదకడం నేర్చుకోలేదు. బిల్లులో అది కనపడదు.

నేను చింతపిక్కలతో చెప్పేవాడిని. ఒక పళ్ళెంలో నూరు చింతపిక్కలు లెక్కపెట్టి పోయించండి, అది సరుకు ధర. పక్కన 18 గురివింద గింజలు పెట్టించండి, అది ప్రభుత్వానికి చెందే పన్ను. ఇప్పుడు రెండూ ఒకే పళ్ళెంలో కలిపేయమనండి. కొనేవాడు చెల్లించేది ఈ పళ్ళెం మొత్తం. ఇందులో ఎర్ర గింజలు ఎన్ని, మొత్తం గింజలు ఎన్ని అని అడగండి. 118లో 18 అని వారే అంటారు, నూటిలో 18 అని ఏ పిల్లవాడూ అనడు. ఆ తరువాత మీ మిక్సీ బిల్లు తీయండి. 2,360 రూపాయలను 118 గింజలకు పంచితే గింజకు 20 రూపాయలు వస్తాయి. కాబట్టి నూరు చింతపిక్కలు 2,000 రూపాయలు, 18 గురివిందలు 360 రూపాయలు.

దానితో ఆపవద్దు. వారి పాత సమాధానాన్ని వారి చేతే పరీక్షింపజేయండి. 2,360 నుండి 424.80 తీసివేస్తే 1,935.20 మిగులుతుంది. దానికి 18 శాతం పన్ను కలిపితే 2,283 రూపాయల 54 పైసలు వస్తుంది గాని 2,360 రాదు. తప్పు దుకాణదారుది కాదని తేల్చుకునే దారి ఇదొక్కటే. మనం తప్పని చెబితే పిల్లలు ఒప్పుకుంటారు, మరునాడు మళ్ళీ అదే వేస్తారు.

భాష విషయంలో ఒక మాట. బడిలో వారు "శతకడా" అని వింటారు, మన తెలుగు పుస్తకాల్లో "శాతం" అని ఉంటుంది. కొంతకాలం ఆ రెండింటినీ పక్కన పెట్టి "నూటికి ఇన్ని" అని మాత్రమే అనిపించండి. సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని పాటుపడిన గిడుగు రామమూర్తి గారు ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఊరు మీది. ఇంటి మాటతో లెక్క మొదలు పెట్టడానికి మీరు సందేహించనవసరం లేదు.

సమాధానం (రాయగడ, బట్టల దుకాణం)

మేడం, మాస్టారు గారు చెప్పిన పద్ధతి బాగుంది. దుకాణం వైపు నుండి కొన్ని సంగతులు చేరుస్తాను. పిల్లల చేత అసలు బిల్లులే చదివించండి, అయితే బిల్లు మీద ఉన్న తేదీని తప్పకుండా చూడమనండి. జీఎస్టీ 2017 జూలై 1న మొదలైంది. 2025 సెప్టెంబరు 22 నుండి రేట్లు మారాయి, 12, 28 శాతాల రేట్లు చాలావరకు పోయాయి. తలనూనె, టూత్‌పేస్టు 18 నుండి 5 శాతానికి వచ్చాయి. పిల్లలు రాసుకునే నోటుపుస్తకాల మీదా, పెన్సిళ్ళ మీదా ఇప్పుడు పన్నే లేదు. పాత పుస్తకంలోని లెక్కకూ కొత్త బిల్లుకూ పొంతన కుదరకపోతే పిల్లలు తమదే తప్పనుకుంటారు.

మా బిల్లులో 5 శాతం అని ఒకచోట ఉండదు. సీజీఎస్టీ 2.5, ఎస్‌జీఎస్టీ 2.5 అని రెండు వరుసలుగా ఉంటుంది, ఒకటి కేంద్రానిది, ఒకటి రాష్ట్రానిది. రెండూ ఒకే ధర మీద లెక్కించేవి కనుక ఇక్కడ కలిపి 5 అనవచ్చు. మీ పిల్లలు ముదరాలో 50, 20 కలిపి 70 అన్నది ఎందుకు తప్పో చూపడానికి దీనిని దానితో పోల్చి చూపండి. వెయ్యి రూపాయల చీర మీద మొదటి 50 శాతం వెయ్యిలో పోతుంది, రెండవ 20 శాతం మిగిలిన 500లో పోతుంది. చివరికి 400 చెల్లిస్తారు, అంటే తగ్గింది 60 శాతం. నూరు ఒకటే అయినప్పుడు కలపవచ్చు, నూరు మారినప్పుడు కలపకూడదు.

ముదరా ముందా, పన్ను ముందా అని కూడా అడిగించండి. 2,000 రూపాయల సరుకుకు 10 శాతం ముదరా తీసి 5 శాతం పన్ను కలిపినా, పన్ను కలిపి ముదరా తీసినా 1,890 రూపాయలే వస్తుంది. పిల్లలకు ఇది చాలా ఆశ్చర్యం కలిగిస్తుంది. కొనేవాడికి తేడా లేకపోయినా పన్ను మొత్తం మాత్రం మొదటి దారిలో 90, రెండవ దారిలో 100. బిల్లులో చూపిన ముదరాను తీసివేసిన తరువాతి విలువ మీదనే పన్ను వేయాలన్నది చట్టం.

దుస్తులకు ఇంకొక మెలిక ఉంది. ఒక్కొక్కటి 2,500 రూపాయల వరకు 5 శాతం, అది దాటితే 18 శాతం. పన్ను కలపక ముందు 2,600 ఉన్న చొక్కాను ముదరా లేకుండా కొంటే పన్నుతో 3,068 అవుతుంది. 10 శాతం ముదరా ఇస్తే ధర 2,340కి దిగి, పన్ను 5 శాతానికి మారి, మొత్తం 2,457 అవుతుంది. పెద్ద పిల్లలకు ఈ లెక్క ఇవ్వండి.

ఎమ్మార్పీలో అన్ని పన్నులూ కలిసే ఉంటాయి. దాని మీద మళ్ళీ పన్ను అడగకూడదని పిల్లలకు గట్టిగా చెప్పండి. 5 శాతం సరుకైతే ఎమ్మార్పీని 21తో భాగిస్తే లోపలి పన్ను వచ్చేస్తుంది. నేనైతే ఈ కిటుకును మొదటే నేర్పుతాను.

సమాధానం (బరంపురం, విశ్రాంత గణితోపాధ్యాయుడు)

ఆ కిటుకును మొదటే నేర్పవద్దని నా మనవి. 105 గింజల్లో 5 గింజలంటే 21లో ఒకటి అని పిల్లవాడు తానే కనుక్కునే వరకు ఆగండి. లేకపోతే 18 శాతం సరుకును కూడా 21తో భాగిస్తాడు. అటువంటి జవాబు పత్రాలను నేను దిద్ది ఉన్నాను.

సమాధానం (గుణుపురం, జీడిపిక్కల వ్యాపారుల కుటుంబం)

కమీషను గురించి ఎవరూ రాయలేదు కనుక రాస్తున్నాను. మా ఇంట్లో తోటల వారి నుండి జీడిపిక్కలు తీసుకుని పలాస పంపుతాము. 80 కిలోల బస్తా ధర 10,000 అనుకుందాం, దళారికి నూటికి 2 అనుకుందాం. కమీషను 200, రైతు చేతికి 9,800. ఇంతవరకు ఏ పిల్లవాడైనా చేస్తాడు.

"నా చేతికి సరిగ్గా పదివేలు రావాలి, ఎంతకు అమ్మాలి?" అని రైతు అడిగితే ఏమి చెప్పాలన్నది అసలు లెక్క. పిల్లలు 10,000కు 2 శాతం కలిపి 10,200 అంటారు. కాని కమీషను 10,200 మీద పడుతుంది, అది 204. రైతుకు 9,996 వస్తుంది, నాలుగు రూపాయలు తక్కువ. ఇక్కడ నూరు అనేది అమ్మిన వెల, చేతికి వచ్చింది కాదు. 98 పాళ్ళు 10,000 అయితే 100 పాళ్ళు ఎంత అని వేస్తే 10,204 రూపాయల 8 పైసలు వస్తుంది. గింజలు వాడే పిల్లలకు ఇది మీ పన్ను లెక్కకు ఎదురుదిశలో ఉంటుంది: అక్కడ నూటికి పైన చేర్చారు, ఇక్కడ నూటిలో నుండి తీశారు.

దళారి బేరమాడి ధరను 500 పెంచితే రైతుకు 490 అదనంగా వస్తుంది, దళారికి వచ్చేది 10 రూపాయలే. కొందరు దళారులు ఎందుకు గట్టిగా బేరమాడరో, త్వరగా సరుకు కదిలించడానికే ఎందుకు చూస్తారో మా తండ్రిగారు నాకు చిన్నప్పుడు ఈ లెక్కతోనే వివరించారు. పెరిగిన ధరలో ఎవరి వాటా ఎంతో తెలిసిన పిల్లవాడు పెద్దయ్యాక తన పంటను తాను అమ్ముకోగలడు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారు గారూ, చింతపిక్కలతో రెండు రోజులు చేయించాను. మూడవ రోజు ఏడో తరగతి పాప బిస్కెట్ల పొట్లం తెచ్చి, "25 శాతం అదనం అని రాసి ఉంది, ఇది 25 శాతం తగ్గింపుతో సమానమా?" అని తానే అడిగింది. నూరు గింజలు, పైన 25 పేర్చి, 125 గింజల ధరలో 25 గింజలు ఉచితమని చూసి 20 శాతమే అని చెప్పింది. నేను ఒక్క మాటా అందించలేదు. రైతు లెక్క ఆదివారం ఇస్తాను. వడ్డీ సంగతి మాత్రం ఇంకా మిగిలి ఉంది.

సమాధానం (బరంపురం, విశ్రాంత గణితోపాధ్యాయుడు)

చాలా సంతోషం అమ్మా. "నూటికి రెండు" అన్న మాటలో పెద్దలు అనకుండా వదిలేసేది "నెలకు" అన్న మాట. బ్యాంకు 12 శాతంలో అనకుండా ఉండేది "ఏడాదికి". నూరు రూపాయల నోటు బొమ్మ గీయించి, దాని కింద పన్నెండు గడులు వేయించి, ఒక్కొక్క గడిలో రెండేసి గురివింద గింజలు పెట్టించండి. పక్కనే బ్యాంకు కోసం మరో నోటు గీసి, దాని గడుల్లో ఒక్కొక్కటే పెట్టించండి. ఒకవైపు 24, మరొకవైపు 12 కనబడతాయి. ఆ తరువాత ఇంటికి వెళ్ళి, తమ ఇంట్లో తీసుకున్న అప్పు నెలకా, ఏడాదికా అని అడిగి రమ్మనండి.