పాత విశాఖ పెట్టె మీది పలకలు దంతమా, ఎముకా?

అమ్మమ్మ వాళ్ళింటి అటక మీద ఒక పెట్టె దొరికింది. తొమ్మిది అంగుళాల పొడవు, ఆరు వెడల్పు. లోపల చందనం చెక్క, మూత తీస్తే ఇప్పటికీ సన్నగా వాసన వస్తుంది. పైన తెల్లని పలకలు అతికించి, లతలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపారు. 18, 19 శతాబ్దాల్లో మన విశాఖపట్నంలో దొరల కోసం చేసిన దంతపు పెట్టెలు ఇలాగే ఉండేవి. అందుకే ఆశ పుట్టింది.

పాత సామాన్లు కొనే ఇద్దరికి చూపించాను. ఒకాయన దంతం అన్నారు, ఇంకొకాయన ఎముక అన్నారు. పది రెట్ల లెన్సుతో నేనే చూశాను. ఎముకకి ఉండే సన్న నల్ల చుక్కలు మూడు పలకల్లోనే కనిపించాయి. అవీ లక్క మరకలేమోనని డౌటు. ఏనుగు దంతానికి అడ్డకోతలో వలలాంటి గీతలు ఉంటాయి కదా, ఇక్కడ పలక మందం ఒక్క మిల్లీమీటరే, అంచు చూస్తే ఏమీ తేలట్లేదు. అల్ట్రావయొలెట్ టార్చ్ వేస్తే అన్నీ నీలం తెలుపుగా మెరిశాయి. ఎముక కూడా అలాగే మెరుస్తుందట, కాబట్టి అదీ లాభం లేదు. కాల్చిన సూది గుచ్చి వాసన చూడమన్నారు ఒకరు. ఆ పని మాత్రం చేయను.

అమ్మే ఉద్దేశం లేదు. దంతమే అయితే 1972 వన్యప్రాణి చట్టం కింద ఏం చేయాలో చూసుకోవాలి, అందుకే టెన్షన్.

ఇంత పల్చటి పలకని ఊడదీయకుండా, గీకకుండా, దంతమో ఎముకో కచ్చితంగా తేల్చే పద్ధతి ఏదైనా ఉందా?