ఏప్రిల్‌ల కనబడని తాబేలును మార్క్ చచ్చినట్టే లెక్కేస్తదా?

దేవరకొండ విద్యార్థిని:
మాది దేవరకొండ. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు చందంపేట దిక్కు తుప్పలల్ల నక్షత్ర తాబేళ్లను చూస్తున్న. అనుమతి ఫోటోలకే, ముట్టుకునేది లేదు. ఏ రెండు డిప్పల మీద గీతలు ఒక్కతీరుగ ఉండయి, అదే గుర్తు. ఒకదానికి ఎడమదిక్కు మూడో పెంకు మీద గీత నడిమిట్ల తెగి ఉంటది, ఫోటో చూడంగనే పోలుస్త. జూన్, ఆగస్టు, అక్టోబర్, ఫిబ్రవరి, ఏప్రిల్‌లల్ల తిరిగిన. ఏప్రిల్‌ల అది కనబడలే. దాని పక్క జాగనే డోజర్‌తోటి చదును చేసిండ్రు, నాకు గుబులుగ ఉన్నది.

ప్రోగ్రామ్ మార్క్ అంటే జీవులు ఏ విడతల కనబడ్డయో చూసి ఎన్ని బతికినయో అంచనా కట్టే సాఫ్ట్‌వేర్. దాంట్ల ఫై (బతికే అవకాశం), పి (బతికున్నది కనబడే అవకాశం) రెండిటినీ కాలంతో మారనిస్తే ఆఖరి సర్వైవల్ 1.000, స్టాండర్డ్ ఎర్రర్ సున్న వచ్చింది. గైడ్‌కు ఏమని చూపియ్యాలె?

పాలమూరు అన్న:
చెల్లె, ఆ 1.000ను రాయకు. నువ్వు వాడిన ఈ లెక్క పేరు కార్మాక్-జాలీ-సీబర్ మోడల్; అండ్ల రెండిటినీ మారనిస్తే ఆఖరి ఫై, ఆఖరి పి విడివిడిగ తేలయి, రెండిటి గుణకారమే తెలుస్తది. ఫైని స్థిరంగ పెట్టి పిని మాత్రం మారనియ్యి, ఏ మోడల్ మేలో చెప్పే ఏఐసీసీ అంకెను పోల్చు. ఎండలకు తాబేలు పొద కింద దూరి కదలదు, ఏప్రిల్‌ల పి పడిపోవుడు సహజం. కనబడనంత మాత్రాన మార్క్ దాన్ని చంపదు. కాని జాగ ఇడిసి శాశ్వతంగ పోయిన తాబేలుకు, చచ్చినదానికి తేడా మార్క్‌కు తెల్వదు.

ఇంకొకటి: నీ విడతల నడుమ ఎడం 2, 2, 4, 2 నెలలు. అది మార్క్‌కు ఇచ్చినవా? ఇయ్యకుంటే నాలుగు నెలలు, రెండు నెలలు దానికి ఒక్కటే.

అచ్చంపేట అక్క:
డేటా ఎక్సెల్‌ల కొట్టినవా? ఒక్కో తాబేలుకు ఐదు విడతల వరుస, కనబడితే 1, లేకుంటే 0 కద; 00101 కొడితే 101 అయితది. నేనొకసారి ఐదంకెలు నింపాలని తొందరల వెనుక సున్నలు పెట్టిన, 10100 అయింది. ఏప్రిల్‌ల కండ్లార చూసిన జీవి అక్టోబర్ తర్వాత మాయమైనట్టు లెక్క. ఆ గడిని ముందే టెక్స్ట్ చెయ్యి. ప్రతి వరుస చివర సెమీకోలన్ కూడ చూసుకో.

దేవరకొండ విద్యార్థిని:
అన్నా, ఎడాలు ఇయ్యనేలేదు. అక్కా, మూడు వరుసలల్ల ముందు సున్నలు లేవు, ఫోటోల తారీఖులు చూసి దిద్దుతున్న. తొలకరి పడంగనే ఆ చదును జాగ చుట్టు మళ్లొకసారి తిరుగుత, ఆ తెగిన గీత కోసం.