నాన్న ల్యాప్‌టాప్‌లో విండోస్ 10 తీసేసి లినక్స్ వేశాను. తప్పు చేశానా?

తెనాలి_కుర్రాడు:
నాన్న రిటైరైన తెలుగు మాస్టారు. 2016లో కొన్న ల్యాప్‌టాప్, ఆరో తరం ఐ5. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. 11 వేద్దామంటే ప్రాసెసర్ ఎనిమిదో తరమైనా ఉండాలంటోంది. బంగారంలాంటి మెషీన్ పడేయడానికి మనసొప్పలేదు. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు పాత హార్డ్ డిస్క్ తీసేసి, దాని చోట వేగంగా పనిచేసే కొత్త ఎస్ఎస్‌డీ పెట్టి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ 22 వేసి, అక్షరాలు పెద్దవి చేసి ఇచ్చాను. ఇదివరకు బటన్ నొక్కి కాఫీ తాగి వచ్చేవారు, ఇప్పుడు ఇరవై సెకన్లు. అయినా నెల నుంచి నాతో ముభావంగా ఉన్నారు. "వాడి కంప్యూటర్ వాణ్నే పట్టుకుపొమ్మను" అన్నారట అమ్మతో. ఆయనకు కావాల్సింది తెలుగు టైపింగ్, పీడీఎఫ్‌లు, యూట్యూబ్‌లో అవధానాలు. అన్నీ పెట్టాను. ఎక్కడ తేడా కొట్టిందో అర్థం కావట్లేదు.

పెంగ్విన్‌పక్షి:
తప్పేం లేదు తమ్ముడూ, మంచి పని చేశావు. మింట్ 22కి 2029 ఏప్రిల్ దాకా అప్‌డేట్లు ఉన్నాయి. అప్‌డేట్ లేని విండోస్‌తో నెట్‌లోకి వెళ్లడమంటే తలుపు తీసి పడుకోవడమే. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు మన ఆంధ్రా పోలీసుల కంప్యూటర్లే కొన్ని దానికి చిక్కాయి, గుర్తుందా?

సగం_షట్టర్:
తెలుగు టైపింగ్ అన్నారు. దేంట్లో చేస్తారు మాస్టారు? డీటీపీలో వాడే తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్, అనులోనా?

పాత_ఎక్స్‌పీ:
పెంగ్విన్ గారూ, వన్నాక్రై పేరు చెప్పి జనాన్ని బెదరగొట్టొద్దు. అప్పుడు ఎక్కువగా దెబ్బతిన్నవి విండోస్ 7 మెషీన్లు. 7కి 2020 జనవరి దాకా మద్దతు ఉంది. అది దూరిన కన్నం పూడ్చే ప్యాచ్ 2017 మార్చిలోనే వచ్చింది, అంటే రెండు నెలల ముందే. జనం వేసుకోలేదంతే. మద్దతు లేకపోవడం వేరు, వేసుకోకపోవడం వేరు.

పెంగ్విన్‌పక్షి:
నేను చెప్పిందీ అదే కదండీ! ప్యాచ్ ఉండి వేసుకోకపోతేనే అంత గొడవైతే, అసలు ప్యాచే రాకపోతే?

పాత_ఎక్స్‌పీ:
మద్దతు ఆగి మూడేళ్లయిన ఎక్స్‌పీకి కూడా అప్పుడు మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది. అది చెప్పరేం? అప్‌డేట్ అంటే దేవుడి ప్రసాదం కాదు. మా అమ్మాయి ఎంసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టే ఆఖరి రోజున ల్యాప్‌టాప్ కంపెనీవాళ్ల బయోస్ అప్‌డేట్ ఒకటి మొదలై మధ్యలో చచ్చింది. పరుగెత్తుకుంటూ నెట్ సెంటర్‌కి పోయాం. ఆ రోజు నుంచి మా ఇంట్లో అప్‌డేట్లన్నీ బంద్. ఏమీ కాలేదు.

పెంగ్విన్‌పక్షి:
"ఏమీ కాలేదు" కాదు, అయినట్టు మీకు తెలియలేదు.

కనకమ్మ_మనవరాలు:
మూడో దారి ఒకటుంది. విండోస్ 10లోనే ఈఎస్‌యూ అని, గడువు అయ్యాక కూడా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే ఏర్పాటు ఉంది, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ సింక్ ఆన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. మా తాతయ్యకి అదే చేశాను. ఆయనకు తేడాయే తెలియలేదు.

పెంగ్విన్‌పక్షి:
ఆ తర్వాత? వాయిదా వేసినంత మాత్రాన జబ్బు పోదు. మా మావయ్య సంగతి చెప్తాను. నిరుడు ఆయన విండోస్ కంప్యూటర్లో ఎవడో దూరి 84 వేలు లాగేశాడు. లినక్స్ వేసుకోమని నేను రెండేళ్లుగా మొత్తుకుంటున్నా వినలేదు.

సగం_షట్టర్:
దూరాడా, లోపలికి పిలిచారా?

పెంగ్విన్‌పక్షి:
బ్యాంకు నుంచి అని ఫోన్ చేసి, ఏదో యాప్ వేయించి, స్క్రీన్ చూశాడు. ఏదైతేనేం?

సగం_షట్టర్:
చాలా తేడా ఉంది సార్. ఆయన చేత్తో ఆయనే యాప్ వేసి దారి ఇచ్చారు. అక్కడ లినక్స్ ఉన్నా, విండోస్ 11 ఉన్నా డబ్బు పోయేదే. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశారా అని అడగాలి గానీ ఏ విండోస్ అని కాదు. నా ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. మాస్టారు టైప్ చేసేది అనులోనా?

ఒట్టి_శ్రోత:
పాప్‌కార్న్ తెచ్చుకున్నాను, కానివ్వండి.

తెనాలి_కుర్రాడు:
అవును, అనులోనే అనుకుంటా. కానీ మింట్‌లో యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా ఒకేలా చదవగలిగే తెలుగు), దానికి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టాను. ఇప్పుడు లోకమంతా యూనికోడే. ఆ పాత ఫాంట్ల గోల ఎన్నాళ్లు?

సగం_షట్టర్:
"అనుకుంటా"! అక్కడే ఉంది బాబూ తిరకాసు. ఇరవై ఏళ్లుగా డీటీపీ, రిపేరు షాపు నడుపుతున్నాను. అను కీబోర్డు అలవాటైనవాళ్ల వేళ్లు వేరు. మెదడు తలకట్టు అనేలోపు వేలు వెళ్లి కూర్చుంటుంది. వాళ్లకు ఇన్‌స్క్రిప్ట్ ఇవ్వడమంటే కుడిచేతివాటం మనిషిని ఎడమచేత్తో అన్నం తినమనడమే. ఇక పాత ఫైళ్లు. పుస్తకాల పేజీలు కట్టే పేజ్‌మేకర్‌వి అయితే ఏం చేశారు?

పెంగ్విన్‌పక్షి:
మింట్‌తో వచ్చే లిబ్రెఆఫీస్ డ్రాలో పేజ్‌మేకర్ ఫైళ్లు తెరుచుకుంటాయి. తెలుసుకుని మాట్లాడండి.

సగం_షట్టర్:
తెరుచుకుంటాయి. అను ఫాంట్ లేకపోతే లోపల కనబడేది తెలుగా, చీమల పుట్టా? కన్వర్టర్లో వేసి యూనికోడ్ చేసినా వొత్తుల దగ్గర తేడాలొస్తాయి, పద్యమైతే గణాలే పోతాయి. అదంతా ఎవరు దిద్దాలి, మీరా?

ఇంకో మాట, కోపం రావచ్చు. ప్రతి పండక్కీ ఇదే తంతు. బెంగళూరు నుంచి, డల్లాస్ నుంచి పిల్లలొస్తారు. రెండు రోజుల్లో రూటర్ మారుస్తారు, పాస్‌వర్డ్‌లు మారుస్తారు, నాన్న ఫోన్‌కి కొత్త లాంచర్ పెడతారు. కనుమ వెళ్లగానే బస్సెక్కేస్తారు. ముక్కనుమ నాడు ఆ పెద్దాయన సంచిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని నా షాపు మెట్లెక్కుతాడు. "మావాడు బాగా చేశాడు నాయనా, నాకే చేతకావట్లేదు" అంటాడు. ఆ మాట వినాల్సింది నేనా?

తెనాలి_కుర్రాడు:
సార్, కాస్త ఆగండి. నా డబ్బుతో ఎస్ఎస్‌డీ కొన్నాను, సెలవులో రెండు రోజులు కూర్చుని చేశాను. ఊళ్లో లేకపోవడం నేరమా? ఆయన అకౌంట్లో పెన్షన్ డబ్బుంది. రేపు ఏమన్నా అయితే "చదువుకున్న కొడుకు ఏం చేస్తున్నాడు" అని అడిగేది మిమ్మల్ని కాదు, నన్ను.

పాత_ఎక్స్‌పీ:
షాపాయనకి గిరాకీ పోతుందని బాధ.

సగం_షట్టర్:
గిరాకీ పోవడం కాదయ్యా, ఇలాంటివాటితోనే నాకు గిరాకీ. పోనీ పొమ్మనే చెబుతున్నా.

కనకమ్మ_మనవరాలు:
కుర్రాడు గారూ, ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మార్చే ముందు నాన్నగారిని అడిగారా?

తెనాలి_కుర్రాడు:
సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నాను.

పెంగ్విన్‌పక్షి:
అడిగితే ఏ పెద్దాయనా ఒప్పుకోడమ్మా. అడుగుతూ కూర్చుంటే మా మావయ్యలాగే అవుతుంది. కొన్నిసార్లు మనమే చేసేయాలి.

కనకమ్మ_మనవరాలు:
అంటే మీ గొడవ విండోసా, లినక్సా అని కాదన్నమాట. పెద్దవాళ్ల వస్తువు మీద మాట ఎవరిదని. మా తాతయ్య పాస్‌వర్డ్ ఇప్పటికీ ఆయన డైరీలోనే ఉంది. నాకు తెలుసు, కానీ అడక్కుండా కొట్టను.

పెంగ్విన్‌పక్షి:
డైరీలో పాస్‌వర్డా! దేవుడా.

పాత_ఎక్స్‌పీ:
డైరీని రష్యా నుంచి హ్యాక్ చేయలేరు లెండి.

తెనాలి_కుర్రాడు:
ఇప్పుడే నాన్నకి ఫోన్ చేశాను. అరగంట మాట్లాడారు. పదేళ్లుగా ఒక శతకం రాసుకుంటున్నారట, ఎనభై ఏడు పద్యాలయ్యాయట. నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. అంతా డి డ్రైవ్‌లో, అనులోనే. నేను కాపీ చేసింది డాక్యుమెంట్స్ ఫోల్డర్ ఒక్కటే. "పోయిందనుకుని ఊరుకున్నాన్రా" అన్నారు. పాత హార్డ్ డిస్క్ ఆయన టేబుల్ సొరుగులోనే, ఎస్ఎస్‌డీ వచ్చిన డబ్బాలో ఉంది. ఫార్మాట్ చేయలేదు. సగం షట్టర్ గారూ, మీ షాపు ఎక్కడ?

సగం_షట్టర్:
గుంటూరే. ఆ డిస్క్‌ని ఎక్కడా గుచ్చొద్దని చెప్పండి. ముందు దాన్నుంచి రెండు కాపీలు తీస్తాను. తర్వాత ఎస్ఎస్‌డీలో విండోస్ 10 మళ్లీ వేసి, అను ఎక్కించి, ఆ అమ్మాయి చెప్పిన ఈఎస్‌యూ ఆన్ చేస్తాను. మింట్ కూడా పక్కన ఉంచమంటే ఉంచుతాను, అది మాస్టారినే అడుగుతా. అను సీడీ, డాంగిల్ ఏమైనా ఉంటే తెమ్మనండి. ఛార్జర్ మర్చిపోవద్దని గట్టిగా చెప్పండి, అందరూ అదే మర్చిపోతారు.

పెంగ్విన్‌పక్షి:
2026 అక్టోబర్ తర్వాత ఏం చేస్తారో కూడా ఇప్పుడే చెప్పండి మరి.

ఒట్టి_శ్రోత:
ఎనభై ఏడే అన్నారుగా. ముందు నూట ఎనిమిదీ కానివ్వండి సార్.