టైటిల్ బార్ లేకుండా, ఫోకస్ లాక్కోకుండా ఉండే విండోకు ఏ స్టైల్స్ ఇవ్వాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా అమ్మగారి కోసం తెర మీద కనిపించే తెలుగు కీబోర్డు ఒకటి సీ ప్లస్ ప్లస్‌లో, ఏ ఫ్రేమ్‌వర్కూ వాడకుండా నేరుగా విన్32 (విండోస్‌లోనే ఉన్న) ఫంక్షన్లతో రాస్తున్నాను. ఆవిడకు ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు) కీల అమరిక గుర్తుండదు. అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు వరుసగా కళ్ళ ఎదుట ఉంటే మౌస్‌తో ఒక్కొక్కటీ నొక్కుతూ నోట్‌ప్యాడ్‌లో ఉత్తరాలు రాసుకోగలరు. అందుకు నాకు కావలసిన విండో ఇలా ఉండాలి: టైటిల్ బార్ ఉండకూడదు, కానీ అంచు పట్టుకుని పెద్దది చేసుకునే వీలు ఉండాలి, మిగతా అన్ని విండోల కంటే పైనే ఉండాలి, టాస్క్‌బార్‌లో కనిపించకూడదు, అన్నిటికంటే ముఖ్యంగా, దాని మీద క్లిక్ చేసినప్పుడు నోట్‌ప్యాడ్‌లోని కర్సర్ పోకూడదు.

నేను చేసినది చెబుతాను. విండోను తయారుచేసే క్రియేట్‌విండోఈఎక్స్ ఫంక్షన్‌కు, విండో రూపాన్నీ ప్రవర్తననూ నిర్ణయించే స్టైల్స్‌లో డబ్ల్యూఎస్ ఓవర్‌ల్యాప్డ్, డబ్ల్యూఎస్ థిక్‌ఫ్రేమ్ (పరిమాణం మార్చే అంచు), డబ్ల్యూఎస్ విజిబుల్ మాత్రమే ఇచ్చాను. క్యాప్షన్, అంటే టైటిల్ బార్, అడగలేదు, అయినా అది వస్తోంది. పోనీ అని విండో తయారైన తరువాత స్టైల్‌ను మార్చే సెట్‌విండోలాంగ్‌పీటీఆర్‌తో డబ్ల్యూఎస్ క్యాప్షన్ తీసివేస్తే తెర మీద ఏమీ మారలేదు. విండో పరిమాణం చేత్తో మార్చినప్పుడు మాత్రం బార్ ఒక్కసారిగా మాయమైంది. అదే ఫంక్షన్‌తో డబ్ల్యూఎస్ ఈఎక్స్ టాప్‌మోస్ట్ (అన్నిటికంటే పైన ఉంచే అదనపు స్టైల్) కలిపాను, దాని వల్ల ఫలితమే లేదు. ఇక ‘క’ మీద నొక్కగానే నా విండో ముందుకు వచ్చి నోట్‌ప్యాడ్ వెనక్కి పోతోంది కాబట్టి, కీ నొక్కినట్లు చేసే సెండ్‌ఇన్‌పుట్‌తో పంపిన అక్షరం ఎక్కడికీ చేరడం లేదు. నేను తప్పు స్టైల్స్ ఇస్తున్నానా, లేక సరైన స్టైల్స్‌నే తప్పు సమయంలో ఇస్తున్నానా అన్నది నాకు తేలడం లేదు.

మొదటి సమాధానం

మీ సందేహంలోనే సగం జవాబు ఉంది. కొన్ని స్టైల్స్ తప్పు, మిగిలినవి తప్పు సమయంలో ఇచ్చినవి. ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు టైటిల్ బార్ సంగతి. డబ్ల్యూఎస్ ఓవర్‌ల్యాప్డ్ విలువ సున్నా. అది ఒక బిట్ (ఒక స్టైల్ ఉందా లేదా అని చెప్పే 0 లేదా 1 స్థానం) కాదు. పాపప్ బిట్, చైల్డ్ బిట్ రెండూ లేని స్థితికి పెట్టిన పేరు మాత్రమే. ఆ రెండింటిలో ఏదీ లేని స్టైల్‌తో క్రియేట్‌విండోఈఎక్స్‌ను కాల్ చేస్తే, విండోస్ దానిని మామూలు ప్రధాన విండోగా పరిగణించి, మనం అడిగినా అడగకపోయినా డబ్ల్యూఎస్ క్యాప్షన్‌నూ డబ్ల్యూఎస్ క్లిప్‌సిబ్లింగ్స్‌నూ తానే చేరుస్తుంది. మీకు వద్దన్న బార్ అలా వచ్చింది. టైటిల్ బార్ లేని విండో మొదటి నుండే కావాలంటే డబ్ల్యూఎస్ పాపప్ ఇవ్వాలి. పాపప్ అనే పేరు చూసి అది మెనూలకూ చిన్న సందేశాలకూ మాత్రమే అనుకునేవారు చాలామంది ఉన్నారు, కానీ తెర అంతా ఆక్రమించే ఆటల విండోలు కూడా తరచుగా ఇదే స్టైల్‌తో తయారవుతాయి. మీ విషయంలో డబ్ల్యూఎస్ పాపప్, డబ్ల్యూఎస్ థిక్‌ఫ్రేమ్ రెండూ చాలు.

తరువాత, మార్చిన స్టైల్ వెంటనే కనిపించకపోవడం. విండో చట్రానికి సంబంధించిన లెక్కలను విండోస్ ఒకసారి చేసి దాచుకుంటుంది. సెట్‌విండోలాంగ్‌పీటీఆర్ స్టైల్ బిట్లను మారుస్తుందే తప్ప ఆ లెక్కలను మళ్ళీ చేయించదు. మీరు చేత్తో పరిమాణం మార్చినప్పుడు ఆ లెక్క మళ్ళీ జరిగింది, అందుకే బార్ అప్పుడు పోయింది. స్టైల్ మార్చిన వెంటనే, విండో స్థానాన్నీ పరిమాణాన్నీ మార్చే సెట్‌విండోపాస్‌ను ఎస్‌డబ్ల్యూపీ ఫ్రేమ్‌ఛేంజ్డ్ అనే గుర్తుతో కాల్ చేయడం తప్పనిసరి. స్థానం, పరిమాణం, వరుస క్రమం కదలకుండా ఉండడానికి నోమూవ్, నోసైజ్, నోజెడ్‌ఆర్డర్ గుర్తులను కూడా కలపండి. ఇది చెయ్యకపోయినా కొన్ని సందర్భాలలో పని జరిగినట్లే కనిపిస్తుంది, అందువల్లనే ఈ పొరపాటు చాలా ప్రోగ్రాములలో ఏళ్ళ తరబడి దాగి ఉంటుంది.

టాప్‌మోస్ట్ మరో రకం. విండో పుట్టేటప్పుడు ఈఎక్స్ స్టైల్‌గా ఇస్తే అది పని చేస్తుంది. పుట్టిన తరువాత మాత్రం ఆ బిట్‌ను నేరుగా మార్చి లాభం లేదు, ఎందుకంటే అది విండోల వరుసలో ఒక స్థానానికి గుర్తు. ఆ స్థానాన్ని మార్చే పని సెట్‌విండోపాస్‌ది. రెండవ ఆర్గ్యుమెంట్‌గా హెచ్‌డబ్ల్యూఎన్‌డీ టాప్‌మోస్ట్ ఇవ్వండి, అయితే ఈ కాల్‌లో నోజెడ్‌ఆర్డర్ గుర్తు ఉండకూడదు.

ఇప్పుడు అసలు విషయం, ఫోకస్, అంటే టైప్ చేసినది ఏ విండోకు చేరుతుందన్నది. దీనికోసమే డబ్ల్యూఎస్ ఈఎక్స్ నోయాక్టివేట్ ఉంది. ఈ స్టైల్ ఉన్న విండో మీద క్లిక్ చేసినా అది ముందు విండోగా మారదు, నోట్‌ప్యాడ్ తన ఫోకస్‌ను నిలుపుకుంటుంది. పైగా ఈ స్టైల్ ఉన్న విండో మామూలుగా టాస్క్‌బార్‌లో కనిపించదు కాబట్టి మీ టాస్క్‌బార్ కోరిక కూడా దీనితోనే తీరుతుంది. అయితే ఈ స్టైల్ క్లిక్కును ఆపుతుంది, మీ కోడ్‌ను ఆపదు. షోవిండోకు ఎస్‌డబ్ల్యూ షో ఇస్తే విండో యాక్టివేట్ అవుతుంది. కనుక తయారు చేసేటప్పుడు డబ్ల్యూఎస్ విజిబుల్ తీసివేసి, తరువాత ఎస్‌డబ్ల్యూ షోనోయాక్టివేట్‌తో చూపించండి. సెట్‌విండోపాస్‌ను కాల్ చేసిన ప్రతిచోటా ఎస్‌డబ్ల్యూపీ నోయాక్టివేట్ ఉందో లేదో కూడా చూసుకోండి.

రెండవ సమాధానం

పైన చెప్పినదంతా సరైనదే. నేను స్టైల్ బిట్లను కలపడం, తీయడం, పరీక్షించడం గురించి మాత్రం చెప్పదలచుకున్నాను, ఎందుకంటే నేను మొదట్లో ఒక వారం రోజులు పోగొట్టుకున్నది అక్కడే.

నేను స్టైల్స్‌ను | (బిట్‌వైజ్ ఆర్) గుర్తుతో కాకుండా + గుర్తుతో కలిపేవాడిని. వేర్వేరు బిట్లయితే రెండింటి ఫలితం ఒకటే కాబట్టి చాలా కాలం ఇబ్బంది రాలేదు. ఒకరోజు, క్యాప్షన్‌తో సహా మామూలు విండో స్టైల్స్ కలిసి ఉండే డబ్ల్యూఎస్ ఓవర్‌ల్యాప్డ్‌విండోకు డబ్ల్యూఎస్ బోర్డర్ కలిపినప్పుడు ప్రోగ్రాము ప్రతిసారీ తెర నిండా తెరుచుకోవడం మొదలైంది. కారణం ఇదీ. హెక్సాడెసిమల్‌లో (16 ఆధారంగా రాసే సంఖ్యలలో) డబ్ల్యూఎస్ బోర్డర్ అంటే 8 తరువాత 5 సున్నాలు, డబ్ల్యూఎస్ డీఎల్‌జీఫ్రేమ్ అంటే 4 తరువాత 5 సున్నాలు. ఈ రెండూ కలిసినదే డబ్ల్యూఎస్ క్యాప్షన్. క్యాప్షన్‌లో బోర్డర్ ముందే ఉండగా దానిని మళ్ళీ కూడితే, ఆ స్థానంలో 12కు 8 చేరి 20 అవుతుంది, హెక్సాడెసిమల్‌లో అది 14. ముందుకు పోయిన ఆ 1 సరిగ్గా డబ్ల్యూఎస్ మాక్సిమైజ్ బిట్. బోర్డర్ కావాలని అడిగి, బోర్డర్‌ను పోగొట్టుకుని, మాక్సిమైజ్‌ను తెచ్చుకున్నాను. | వాడి ఉంటే ఉన్న బిట్‌ను మళ్ళీ కలిపినా ఏమీ మారేది కాదు.

తీసేటప్పుడూ అంతే. మైనస్ గుర్తుతో తీయకండి; & ~ కలిపి వాడితే ఆ బిట్ ఉన్నా లేకపోయినా ఫలితం సరిగ్గానే ఉంటుంది. పరీక్షించేటప్పుడు, క్యాప్షన్ రెండు బిట్ల కూడిక కాబట్టి & ఫలితం సున్నా కాదని తేలినంత మాత్రాన టైటిల్ బార్ ఉన్నట్లు కాదు, ఒట్టి బోర్డర్ ఉన్నా ఆ పరీక్ష నెగ్గుతుంది. & ఫలితం పూర్తి క్యాప్షన్ విలువతో సమానమా అని చూడాలి. ఓవర్‌ల్యాప్డ్ సున్నా కనుక దానిని ఈ విధంగా పరీక్షించే మార్గమే లేదు. పాపప్, చైల్డ్ రెండూ లేవని చూడడమే దారి.

ఇంకొక సంగతి. కొన్ని బిట్లకు రెండేసి పేర్లు ఉన్నాయి. ప్రధాన విండోలో మినిమైజ్‌బాక్స్ అయిన బిట్టే చైల్డ్ కంట్రోల్‌లో డబ్ల్యూఎస్ గ్రూప్, మాక్సిమైజ్‌బాక్స్ అయినది డబ్ల్యూఎస్ ట్యాబ్‌స్టాప్. ఒక విండో స్టైల్‌ను చదివి మరొక దానికి యథాతథంగా అంటించే కోడ్ రాసేవారు దీనిని తప్పక గుర్తు పెట్టుకోవాలి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. పాపప్‌కు మార్చి, నోయాక్టివేట్, టాప్‌మోస్ట్ రెండింటినీ విండో పుట్టినప్పుడే ఇచ్చాను. నోట్‌ప్యాడ్‌లో మొదటి ‘అ’ పడింది. నా కోడ్‌లో కూడా రెండు చోట్ల + గుర్తు ఉంది, మార్చాను.

ఇప్పుడు మూడు చిక్కులు మిగిలాయి. విండోస్ 10లో విండో పై అంచున సన్నని తెల్లటి పట్టీ కనిపిస్తోంది. టైటిల్ బార్ లేదు కాబట్టి విండోను జరపడానికి పై వరుసను పట్టుకునేలా మౌస్ విండోలో ఏ భాగం మీద ఉందని విండోస్ అడిగే డబ్ల్యూఎం ఎన్‌సీహిట్‌టెస్ట్ సందేశానికి హెచ్‌టీ క్యాప్షన్ (టైటిల్ బార్ మీద అని) తిరిగి ఇస్తున్నాను, అది ప్రధాన మానిటర్‌లో పని చేస్తోంది కానీ ఎడమ వైపున ఉన్న రెండవ మానిటర్‌లోకి తీసుకువెళ్ళాక పట్టు దొరకడం లేదు. జరుపుతున్నంతసేపూ విండో ఉన్నచోటే ఉండి, మౌస్ వదిలాక మాత్రమే కొత్త చోటికి దూకుతోంది.

మూడవ సమాధానం

తెల్లటి పట్టీ థిక్‌ఫ్రేమ్ వల్ల వస్తుంది. విండోస్ 10లో పక్కల, కింద ఉండే చట్రం కంటికి కనిపించదు, పై భాగం మాత్రం కనిపిస్తుంది. థిక్‌ఫ్రేమ్ తీసివేస్తే పట్టీ పోతుంది కానీ పరిమాణం మార్చే వీలు కూడా పోతుంది, కాబట్టి ఆ దారి వద్దు. స్టైల్‌ను అలాగే ఉంచి, చట్రం లెక్క కోసం వచ్చే డబ్ల్యూఎం ఎన్‌సీకాల్క్‌సైజ్ సందేశంలో డబ్ల్యూపారామ్ అనే విలువ ట్రూ అయితే, ఇచ్చిన దీర్ఘచతురస్రాన్ని ముట్టుకోకుండా సున్నా తిరిగి ఇవ్వండి. అలా చేస్తే విండో మొత్తం మీరు గీసుకునే ప్రదేశం అవుతుంది. విండో పుట్టగానే ఒకసారి ఫ్రేమ్‌ఛేంజ్డ్ గుర్తుతో సెట్‌విండోపాస్‌ను కాల్ చేస్తే ఈ సందేశం ట్రూతో వచ్చి తీరుతుంది.

అయితే దీనికి మూల్యం ఉంది. విండోస్ గుర్తించే అంచు ఇక లేదు కనుక, ఏ అంచు మీద మౌస్ ఉందో హిట్‌టెస్ట్‌లో మీరే తేల్చి హెచ్‌టీ లెఫ్ట్, హెచ్‌టీ బాటమ్‌రైట్ వంటి విలువలను ఇవ్వాలి. అంచు వెడల్పును 8 పిక్సెళ్ళు అని కోడ్‌లో రాసేయకండి. విండోస్ 10 వెర్షన్ 1607 నుండి గెట్‌సిస్టమ్‌మెట్రిక్స్‌ఫర్‌డీపీఐ అందుబాటులో ఉంది, దాని నుండి సైజ్‌ఫ్రేమ్, ప్యాడెడ్‌బోర్డర్ కొలతలను కలిపి తీసుకోండి. పెద్ద వయసువారి కంప్యూటర్లలో తెరను 125 లేదా 150 శాతానికి పెంచి ఉంచడం మామూలే. అక్కడ స్థిరమైన అంచు మరీ సన్నబడి చేతికి అందదు, మీ అమ్మగారి కోసం ఇది ప్రత్యేకంగా చూడండి.

రెండవ మానిటర్‌లో పట్టు దొరకకపోవడానికి కారణం దాదాపు ఖాయంగా మీరు సందేశంతో వచ్చే ఎల్‌పారామ్ విలువ నుండి లోవర్డ్, హైవర్డ్ మాక్రోలతో మౌస్ స్థానాన్ని తీసుకోవడమే. ప్రధాన మానిటర్‌కు ఎడమన ఉన్న చోట్లకు అడ్డు స్థానం రుణసంఖ్య అవుతుంది. లోవర్డ్ దానిని ధనసంఖ్యగా చదివి, మైనస్ 10ని 65526గా చూపిస్తుంది. విండోస్‌ఎక్స్ హెడర్ ఫైలులో ఉన్న గెట్ ఎక్స్ ఎల్‌పారామ్, గెట్ వై ఎల్‌పారామ్ మాక్రోలు గుర్తుతో సహా చదువుతాయి.

విండో జరుగుతున్నట్లు కనిపించకపోవడం నోయాక్టివేట్ విండోలలో నేను కూడా చూశాను. డబ్ల్యూఎం మూవింగ్, డబ్ల్యూఎం సైజింగ్ సందేశాలలో వచ్చే దీర్ఘచతురస్రాన్ని తీసుకుని అప్పటికప్పుడు సెట్‌విండోపాస్‌తో విండోను అక్కడికి జరిపితే నాకు సమస్య తీరింది. మరీ చిన్నదై అక్షరాలు నలిగిపోకుండా డబ్ల్యూఎం గెట్‌మిన్‌మాక్స్‌ఇన్ఫోలో కనీస పరిమాణం ఇవ్వండి.

స్టైల్స్‌కు సంబంధం లేకపోయినా, మీకు ముందు ముందు ఎదురయ్యేది ఒకటి ఉంది. నోట్‌ప్యాడ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిస్తే, మామూలు హక్కులతో నడిచే మీ కీబోర్డు పంపే అక్షరాలు దానికి చేరవు. విండోస్ విస్టా నుండి ఈ అడ్డు ఉంది, కనుక అప్పుడు మీ స్టైల్స్‌ను అనుమానించి మార్చకండి. తెలుగుకు యూనికోడ్‌లో కేటాయించిన 128 స్థానాలూ ఒక్కొక్కటి 16 బిట్లలో ఇమిడిపోతాయి కాబట్టి కీఈవెంట్‌ఎఫ్ యూనికోడ్ గుర్తుతో నేరుగా పంపవచ్చు; ‘క్ష’ అనే కీకి మాత్రం క, పొల్లు, ష అని మూడు పంపాలి, నొక్కడం వదలడం కలిపి 6 ఇన్‌పుట్‌లు అవుతాయి.

ప్రశ్న అడిగినవారు

తెల్లటి పట్టీ పోయింది, ఎడమ మానిటర్‌లో కూడా విండో చేతికి చిక్కుతోంది. మూవింగ్ సందేశంలో విండోను జరిపే మార్పు చేసినప్పుడు కదలిక కనిపించింది కానీ నోట్‌ప్యాడ్ ఫోకస్ మళ్ళీ పోవడం మొదలైంది. ఒక గంట వెతికిన తరువాత చూస్తే, ఆ ఒక్క సెట్‌విండోపాస్‌లో ఎస్‌డబ్ల్యూపీ నోయాక్టివేట్ గుర్తును మరచిపోయాను. మొదటి సమాధానంలో ప్రతిచోటా చూసుకోమని ఎందుకు చెప్పారో అప్పుడు అర్థమైంది. దానిని చేర్చి, కీల పరిమాణం పెంచి, ఈ సాయంత్రం అమ్మగారికి ఇచ్చాను. ‘క్షేమం’ అనే మాటతో ఉత్తరం మొదలుపెట్టారు.