మా పాపకి సవర భాష రావడం లేదు, ఏం చేయాలి?

కొండదారి:
మాది సీతంపేట పైన కొండూరు. తొమ్మిదేళ్లుగా విశాఖలో టైల్స్ పని. నేనూ మా ఆవిడా సవరలమే, కానీ పక్కవాటాల వాళ్లు నవ్వుతారని మొదట్లో గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్లం, పాప పుట్టాక పూర్తిగా తెలుగులోకి వచ్చేశాం. మొన్న ఊరెళ్తే మా అమ్మ దాన్ని కూర్చోబెట్టి జీడిపిక్కలు లెక్కపెడుతోంది. అబోయ్, బాగు, యాగి... ‘బాగు’ అంటే మాకు రెండు. పాపేమో ‘ఏం బాగుంది నానమ్మా?’ అంది. అందరం నవ్వాం, అమ్మ నవ్వలేదు. ఆరేళ్లు వచ్చాయి, ఇప్పుడు మొదలుపెడితే వస్తుందా?

పంతులుగారబ్బాయి:
వస్తుందన్నా, ఆరేళ్లేగా. అయినా తప్పంతా విశాఖదే అనుకోకు. సంతలో బేరం తెలుగులో, బడిలో ఎక్కాలు తెలుగులో, అందుకే కొండ మీద కూడా ముందు పోయేవి అంకెలే. మన లెక్క 12 దాకా వెళ్లి, 13ని మిగ్గెల్‌బోయ్, అంటే పన్నెండూ ఒకటి అంటుంది, 20 దాటాక ఇరవైల్లో నడుస్తుంది. 93 అనాలంటే నాలుగు ఇరవైలు, ఒక పన్నెండు, ఒకటి. ఇప్పటి పిల్లల్ని 93 అడిగి చూడు!

నిజంచెప్తా:
ఎందుకంత టెన్షన్? 2011 జనాభా లెక్కల్లో సవర మాట్లాడేవాళ్లు 4 లక్షల పైనే. ఆ భాషతో ఉద్యోగం వస్తుందా?

గుణుపురం_పిల్ల:
ఆ 4 లక్షల్లో ఎక్కువమంది మా ఒడిశా వైపే, అక్కడా ఇళ్లలో ఇదే కథ. ఎంతమందికి వచ్చు అని కాదండీ, ఎంతమంది పిల్లలతో మాట్లాడుతున్నారో అది చూడాలి. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం ఎవరి పుట్టినరోజని చేస్తున్నారో, ఆ గిడుగు రామమూర్తి గారు మన భాష నేర్చుకుని 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. ఆయనకేం ఉద్యోగం వచ్చిందట? అన్నా, లిపి గొడవలోకి మాత్రం దిగకు. 1936లో మంగెయి గొమాంగో చేసిన సొరాంగ్ సొంపెంగ్ ఉంది, మీ వైపు తెలుగు లిపి, మా వైపు ఒడియా, అది తేలేలోపు పాపకి పెళ్లీడు వస్తుంది. అమ్మగారితో రోజూ ఒక వాయిస్ మెసేజ్ పెట్టించు, చాలు.

కొండదారి:
పెట్టించాను చెల్లీ. సిగ్నల్ కోసం మా తమ్ముడు అమ్మని గట్టు మీదకి తీసుకెళ్లాడు. మధ్యలో కోడి కూసింది. ఆ కూత కోసం పాప నాలుగుసార్లు విన్నది, ఐదోసారి ‘నానమ్మ ఏమంటోంది?’ అని అడిగింది.