సాండర్, థిన్నర్ రెండూ ఉన్న షెడ్డులో చేతి తిమ్మిర్లు: మణికట్టులో నరం నొక్కుకుపోయే కార్పల్ టన్నెలేనా?

షెడ్డు_బెజవాడ: కార్ల డెంటింగ్-పెయింటింగ్ షెడ్డు మాది. పుట్టీ రుద్దే ఇద్దరు కుర్రాళ్ళకు రాత్రిళ్ళు కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు మొద్దుబారుతున్నాయి. చెయ్యి విదిలిస్తే తగ్గుతోందంటున్నారు. రోజుకు నాలుగు గంటలు ఎయిర్ సాండర్ (గాలితో నడిచే రుద్దుడు మిషన్) పడతారు, పని అయ్యాక థిన్నర్‌తోనే చేతులు కడుగుతారు. దేనివల్ల అంటారు? ఏం మార్చాలండీ?

సేఫ్టీ_వైజాగ్: ముందు సాండర్ సంగతి చూడండి. మాన్యువల్‌లో వైబ్రేషన్ (కుదుపు) అంకె ఉంటుంది. అది 5 మీ/సె² అయితే నాలుగు గంటల పని 8 గంటల లెక్కలో సుమారు 3.5 అవుతుంది. యూరప్‌లో 2.5 దాటగానే యజమాని జాగ్రత్తలు మొదలుపెట్టాలి, అంటే ఆ సాండర్‌కి రెండు గంటలే. పైగా షెడ్డులో అసలు కుదుపు తరచుగా మాన్యువల్ అంకె కంటే ఎక్కువే ఉంటుంది.

పేపర్ అరిగినా మార్చకుండా నొక్కి రుద్దడమే పెద్ద తప్పు. నొక్కేకొద్దీ పట్టు బిగుస్తుంది, కుదుపంతా మణికట్టుకెక్కుతుంది. ప్యాడ్ కూడా ఆ సాండర్‌కి సరిపడే బరువుదే బిగించండి, బరువు మారితే బ్యాలెన్స్ పోతుంది. విప్పిన డోర్లు, బానెట్లు నేలమీద కాకుండా స్టాండు మీద నడుమెత్తులో పెడితే మణికట్టు వంగదు. అరగంట సాండర్, తర్వాత మాస్కింగ్ పని, ఇలా మార్చి మార్చి ఇవ్వండి. కుదుపు ఆపుతాయనే వైబ్రేషన్ గ్లవుజులను మాత్రం నమ్ముకోకండి.

నరాల_ఫిజియో: మీరు చెప్పిన వేళ్ళు మణికట్టులోంచి వెళ్ళే మీడియన్ నరానివే. చిటికెనవేలు బాగుంటే కార్పల్ టన్నెల్ అనుమానం బలపడుతుంది. అరికాళ్ళూ మొద్దుబారుతుంటే మాత్రం కథ వేరు: షుగరైనా కావచ్చు, థిన్నర్ లాంటి సాల్వెంటైనా కావచ్చు. కొన్ని థిన్నర్లు, జిగురుల్లో ఉండే ఎన్-హెక్సేన్ ఒంట్లో 2,5-హెక్సేన్‌డయోన్‌గా మారి నరాలనే పాడుచేస్తుంది. ఎంఈకే (మిథైల్ ఇథైల్ కీటోన్ అనే మరో సాల్వెంట్) కలిస్తే ఇంకా తీవ్రం. ఇప్పటికే దెబ్బతిన్న నరం మణికట్టు దగ్గర ఒత్తిడికి తొందరగా లొంగుతుంది, అందుకే సాండర్ ఒత్తిడి, థిన్నర్‌తో కడుక్కోవడం రెండూ ఒకేసారి మాన్పించాలి.

నర్వ్ కండక్షన్ టెస్ట్ (నరం పనితీరు చూసే పరీక్ష), షుగర్, థైరాయిడ్ చేయించండి. రాత్రికి స్ప్లింట్ (మణికట్టును తిన్నగా నిలిపే పట్టీ) కట్టించండి. షాపులో దొరికేవాటిలో చాలావాటికి లోపలి రేకు పైకి వంగి ఉంటుంది. దాన్ని బయటికి తీసి తిన్నగా చేసి మళ్ళీ దూర్చాలి. బొటనవేలి మొదట్లో కండ కరిగినట్టుంటే ఆలస్యం చేయకుండా సర్జన్‌కి చూపించండి.

షెడ్డు_బెజవాడ: థిన్నర్ బదులు ఏం వాడమంటారు? నైట్రైల్ గ్లవుజులు చాలా?

సేఫ్టీ_వైజాగ్: చేతులకు వంటనూనె రాసి తుడిచి, ఆపైన సబ్బు. పల్చటి నైట్రైల్ చిందులకే, థిన్నర్లలో ఉండే అసిటోన్, టొలుయీన్ అందులోంచి త్వరగా దిగిపోతాయి. తడవగానే పారేయాలి. స్ప్రే గన్ కడిగేటప్పుడు మీ థిన్నర్‌కి తగిన మందపాటి గ్లవుజులు ఇవ్వండి, డబ్బా మీద పేర్లు చూపించి కొనండి. దుమ్ము మాస్క్ ఆవిరిని ఆపదు, ఆర్గానిక్ వేపర్ క్యాట్రిడ్జ్ ఉన్నదే కావాలి.